కథ ఎలా రాశారో రచయిత చేత చెప్పించడం: మొదటి ఫోన్ నుంచి అచ్చు దాకా

నేను చేసిన మొదటి ఇంటర్వ్యూ గంటా నలభై నిమిషాలు నడిచింది. అందులో పనికొచ్చింది నాలుగు నిమిషాలు.

మిగతాదంతా నా తప్పే. "మీకు ప్రేరణ ఎవరండీ?" అని మొదలుపెట్టాను. ఆయన చాలా మర్యాదస్తులు, ప్రేరణ గురించి పావుగంట చెప్పారు. "రచయితకి సామాజిక బాధ్యత ఉండాలంటారా?" అన్నాను. ఉండాలన్నారు, ఇంకో అరగంట. "కొత్తగా రాసేవాళ్లకి మీ సలహా?" అన్నాను. బాగా చదవాలన్నారు. ఇంటికొచ్చి విని చూసుకుంటే, ఆ జవాబులు ఏ రచయిత పేరు కింద పెట్టినా సరిపోయేలా ఉన్నాయి.

ఆ నాలుగు నిమిషాలు ఎక్కడివంటే, చివర్లో కాఫీ గ్లాసులు తీసుకెళ్తూ వాళ్లావిడ అన్న ఒక్క మాట వల్ల వచ్చినవి. "ఆ కథ రాస్తున్నన్నాళ్లూ ఈయన మాతో కూడా ఆ ముసలాడి యాసలోనే మాట్లాడేవారు. పాలవాడు భయపడిపోయాడు" అందావిడ. ఆయన నవ్వేసి, ఆ పాత్ర గొంతు దొరక్క మూడు నెలలు ఎలా అవస్థపడ్డారో, సంతలో విన్న ఒక్క తిట్టు పట్టుకుని దాన్ని ఎలా అందుకున్నారో గబగబా చెప్పేశారు. అదృష్టం, రికార్డర్ ఇంకా ఆపలేదు.

ఈ మార్గదర్శి అంతా ఆ నాలుగు నిమిషాల్ని గంట చేసుకోవడం ఎలాగన్నదే. రచయితనైనా చిత్రకారుడినైనా అభిప్రాయాలు అడిగితే ఉపన్యాసం వస్తుంది. చేసిన పనిని ముందు పెట్టుకుని అడిగితే కబుర్లు వస్తాయి. మనకి కావలసింది ఆ కబుర్లు.

1. మనిషి కన్నా ముందు ఒక రచనను ఎంచుకోండి

"ఫలానా వారి నలభై ఏళ్ల సాహితీ ప్రస్థానం" అన్న పేరుతో బయలుదేరితే గంటలో నలభై ఏళ్లు దాటాలి. ఏడాదికి ఒకటిన్నర నిమిషం. బదులుగా ఒక కథ, ఒక కవిత, నవలలో ఒక అధ్యాయం తీసుకోండి. పది పేజీలు చాలు. మీరు కనీసం మూడుసార్లు చదివింది, చదివిన ప్రతిసారీ ఒకేచోట "ఇదెలా చేశారబ్బా" అనిపించింది అయితే మరీ మంచిది. ఆ అనుమానమే ఇంటర్వ్యూకి పెట్టుబడి.

పేరున్నవాళ్లే కావాలని పట్టుపట్టకండి. వందసార్లు ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్ల దగ్గర జవాబులు అరిగిపోయి ఉంటాయి. ఏ ప్రశ్న వేసినా అదే రికార్డు తిరుగుతుంది. ఒక్క కథల పుస్తకం వేసి ఊరుకున్న ఒక టీచరు గారు, పనిలోని ముడులు ఇంకా వేళ్లకి గుర్తున్నవాళ్లు, మీకు చాలా ఎక్కువ ఇస్తారు.

తెలుగు పుస్తకాలకి ముందుమాటలు ఎక్కువ. "నా మాట", "కృతజ్ఞతలు", ఇద్దరు ముగ్గురు పెద్దల పీఠికలు, ఒక్కోసారి కథలకన్నా అవే పొడుగ్గా ఉంటాయి. విసుక్కోకుండా చదవండి. అక్కడ ఇప్పటికే చెప్పేసిన సంగతిని మళ్లీ అడగొద్దు, అక్కణ్ణుంచి ముందుకెళ్లండి. "ఈ కథ మా ఊరి చెరువు చూసి రాశానని ముందుమాటలో అన్నారు కదండీ, కథలో మాత్రం చెరువు లేదు, బావి ఉంది" అని అడగగలిగితే, ఈ మనిషి నిజంగా చదివి వచ్చాడని వాళ్లకి అప్పుడే తెలిసిపోతుంది.

2. రెండు ప్రతులు పక్కపక్కన పెట్టుకోండి

మీకు టైము తక్కువగా ఉంటే మిగతా అన్నీ వదిలేసి ఇదొక్కటీ చేయండి.

తెలుగు కథ సాధారణంగా రెండుసార్లు పుడుతుంది. ముందు వారపత్రికలోనో ఆదివారం అనుబంధంలోనో వస్తుంది, తర్వాత పుస్తకంలో చేరుతుంది. ఈ మధ్యలో రచయిత దాన్ని ఊరికే వదలడు. పేరు మారుస్తాడు, పేరా ఎత్తేస్తాడు, ముగింపు కత్తిరిస్తాడు. ఆ తేడాలన్నీ అచ్చులో ఉన్న సాక్ష్యం. వాటిని పట్టుకున్నవాడికి ప్రశ్నలు వెతుక్కునే పని ఉండదు.

పత్రికలో వచ్చిన ప్రతి దొరకడమే కష్టం. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో మొదలుపెట్టిన కథానిలయం ఉంది. తెలుగు కథలు, అవి వచ్చిన పత్రికలు ఒకచోట చేర్చాలన్న పట్టుదలతో కట్టిన గ్రంథాలయం అది. పాత సాహిత్య మాసపత్రిక భారతి సంచికలు ఇంటర్నెట్‌లో స్కాన్ ప్రతులుగా చాలావరకు దొరుకుతాయి. ఇవేవీ కుదరకపోతే రచయితనే అడగండి. చాలామంది ఇళ్లలో అటక మీద ఒక కటింగుల ఫైలు ఉంటుంది, జిగురు ఆరిపోయి కాగితాలు రాలుతూ.

ముందు సాధన కావాలంటే గురజాడను పట్టుకోండి. కన్యాశుల్కం మొదటి కూర్పు 1897లో అచ్చయింది. 1909లో వచ్చిన రెండో కూర్పులో గురజాడ దాన్ని బాగా పెంచి తిరగరాశారు, మధురవాణి పాత్ర ఎంతో ఎదిగింది. మనం ఇవాళ చెప్పుకునే నాటకం ఆ రెండోదే. రెండిటినీ పక్కన పెట్టుకుని, గురజాడ ఎదురుగా కూర్చుని ఉంటే ఏమడుగుతారో ఒక ఇరవై ప్రశ్నలు రాయండి. "మధురవాణికి ఇంత చోటు ఎప్పుడు ఇవ్వాలనిపించింది?" అన్నది అందరికీ తట్టే ప్రశ్న. "ఫలానా రంగంలో మొదట ఎవరి నోట పెట్టిన మాటను తర్వాత ఎవరికిచ్చారు?" అన్నది కష్టపడి చదివితే తప్ప రాదు. ఈ రెండో రకం కోసమే సాధన.

పెన్సిలు తీసుకుని ఐదు రకాల గుర్తులు పెట్టుకుంటాను నేను: తీసేసింది, చేర్చింది, జరిపింది, మార్చిన పేరు, మారిన ముగింపు. తర్వాత ఒక్కో గుర్తుని ఒక ప్రశ్న చేస్తాను. దీనివల్ల ఏం జరుగుతుందో చూడండి. ఇది ఒక పెద్దాయన ఇంట్లో జరిగిన సంభాషణ, కొంచెం కుదించాను.

నేను: మాస్టారూ, ఈ కథ పత్రికలో వచ్చినప్పుడు చివర్లో ముసలమ్మ ఏడుస్తుంది. పుస్తకంలో ఏడవదు.

ఆయన: (పుస్తకం లాక్కుని, కళ్లద్దాలు సర్దుకుని) రెండూ చూశావా నువ్వు?

నేను: చూశానండీ.

ఆయన: (కాసేపు ఏమీ మాట్లాడలేదు) మా అమ్మకి చదువు రాదు. పత్రికలో వచ్చాక చదివి వినిపించమంది. చివరిదాకా విని, "అదెందుకు ఏడుస్తుందిరా, పొద్దున్నే లేచి పాలు పిండుకోవాలి కదా" అంది. అంతే. ఆ ఏడుపు తీసేశాను. పాలు పిండటం పెట్టాను.

పాత్ర మనస్తత్వం గురించీ, కరుణ రసం మోతాదు గురించీ నేను గంట అడిగినా ఈ జవాబు వచ్చేది కాదు.

ఒక జాగ్రత్త. ప్రతి మార్పూ రచయితదే అయివుండాలని లేదు. పత్రికలో జాగా చాలక సంపాదకులు కోసి ఉండొచ్చు, పుస్తకంలో మళ్లీ పాతది పెట్టి ఉండొచ్చు. ప్రూఫులు దిద్దినవాళ్లు మాండలికాన్ని "సరిచేసి" ఉండొచ్చు. అందుకే "ఎందుకు తీసేశారు?" అనే ముందు "ఇది మీరు తీసేసిందేనా?" అనండి. పరాయి కత్తెర అయితే ఆ కోపం కూడా బోలెడు చెబుతుంది.

ఈమధ్య కొత్త చిక్కొకటి వచ్చింది. ఫోన్లో రాసేవాళ్లకి కొట్టివేతలు మిగలవు. అలాంటప్పుడు వాళ్లు స్నేహితులకి వాట్సాప్‌లో పంపిన మొదటి ప్రతి ఉందేమో అడగండి. తరచూ ఉంటుంది.

3. ప్రశ్నలు రాసుకోవడం

"ఎందుకు" అన్న మాటని వీలైనంత తగ్గించండి. ఎందుకు అంటే మనిషి తనని తాను సమర్థించుకోవడం మొదలుపెడతాడు, సిద్ధాంతం దిగుతుంది. ఎప్పుడు, ఎక్కడ, ఏది ముందు, ఎన్నిసార్లు అంటే గుర్తు తెచ్చుకుంటాడు. "ఈ కథని ఉత్తమ పురుషలో ఎందుకు రాశారు?" అనే బదులు "మొదటి వాక్యం రాసినప్పుడే 'నేను' అని ఉందా, తర్వాత మార్చారా?" అనండి. "మీ వచనం ఇంత క్లుప్తంగా ఎలా ఉంటుంది?" అంటే సిగ్గుపడి ఊరుకుంటారు. "ఈ పేరా మొదట ఎంత పొడుగుండేది?" అంటే చేతులు చాపి చూపిస్తారు.

పరిభాష సంగతి. ఎత్తుగడ, దృష్టికోణం, కథనం, పాత్రచిత్రణ లాంటి మాటలు మనకి తెలిసుండాలి. వల్లంపాటి వెంకటసుబ్బయ్య గారి కథాశిల్పం ఒకసారి చదివితే ఈ మాటలు చేతికొస్తాయి. కానీ ప్రశ్నలో వాటిని తగ్గించి వాడండి. ఎత్తుగడ ఫరవాలేదు, కబడ్డీ ఆడేవాళ్లు కూడా అంటారు. "మీ కథల్లో దృష్టికోణ వైవిధ్యం" అన్నారంటే మాత్రం ఎదుటి మనిషి వెంటనే సెమినార్లో కూర్చున్నట్టు నిటారుగా అయిపోతాడు.

రెండో ప్రశ్న ముఖ్యం. మొదటి ప్రశ్న ఇంట్లో తయారుచేసుకోవచ్చు, రెండోది అక్కడే పుట్టాలి. దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ, పారిస్ రివ్యూ అనే సాహిత్య పత్రిక కోసం దాని సంపాదకుడు జార్జ్ ప్లింప్టన్ అమెరికన్ నవలాకారుడు హెమింగ్వేని చేసిన ఇంటర్వ్యూ. 1958లో అచ్చయింది. ఒక నవల చివరి పేజీని 39 సార్లు తిరగరాశానని హెమింగ్వే అన్నాడు. మనలో చాలామంది అక్కడ "అబ్బో!" అనేసి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతాం. ప్లింప్టన్ వెళ్లలేదు. అక్కడ ఏదైనా సాంకేతికమైన చిక్కొచ్చిందా, మిమ్మల్ని ఆపింది ఏమిటి అని అడిగాడు. మాటలు సరిగ్గా కుదరడమే అని జవాబొచ్చింది. ఆ 39 చెప్పుకోవడానికి బాగుంటుంది. రాసేవాడికి ఉపయోగపడేది ఆ తర్వాతి జవాబు.

పని పద్ధతి గురించి కూడా అడగండి, కానీ వాక్యంతో ముడిపెట్టి. విశ్వనాథ సత్యనారాయణ గారు వేయిపడగలు చెబుతుంటే తమ్ముడు రాశారు. నోటితో చెప్పిన వాక్యం నడక వేరు, చేత్తో రాసినదాని నడక వేరు. మీ ఎదురుగా ఉన్న రచయిత చేత్తో రాస్తారా, లాప్‌టాప్‌లోనా, ఫోన్‌కి చెప్పి టైప్ చేయిస్తారా? పద్ధతి మార్చిన తర్వాత వాక్యాలు పొడుగయ్యాయా, పొట్టివయ్యాయా? రెండూ చూపించే పేజీలు మీ దగ్గరుంటే ఇంకా మంచిది.

పదిహేను ప్రశ్నలు రాసుకోండి, ఏడు పట్టుకెళ్లండి. నాలుగు అడిగితే ఎక్కువ.

4. ఫోన్ చేయడం, కలవడం

మెసేజ్‌తో మొదలుపెట్టినా, పెద్దవాళ్లకి ఒకసారి ఫోన్ చేయండి. మధ్యాహ్నం భోజనాల వేళ, ఆ తర్వాత కునుకు వేళ వద్దు. ఏ రచన గురించో అప్పుడే చెప్పేయండి. "ఫలానా కథ గురించి మాట్లాడాలనుందండీ, పత్రికలో వచ్చింది కూడా చూశాను" అంటే ఆ రెండు రోజుల్లో వాళ్లు ఆ కథని మళ్లీ తీసి చదువుకుంటారు. ప్రశ్నలు ముందే పంపమంటే రెండు పంపండి, అన్నీ వద్దు. అన్నీ పంపితే జవాబులు రాసిపెట్టుకుని చదివేస్తారు. అది నాకు జరిగింది, ఏడు పేజీలు.

వాళ్లింట్లోనే, వాళ్లు రాసుకునే చోటే కూర్చుందామని అడగండి. ప్లింప్టన్ ఆ ఇంటర్వ్యూ మొదట్లో హెమింగ్వే పడగ్గదిని, నిలబడి రాసుకునే పుస్తకాల అలమరాని, దాని మీది టైపురైటర్‌ని వర్ణించాడు. అది అలంకారానికి పెట్టింది కాదు. బల్ల ఎత్తు, కిటికీ ఏ వైపు ఉంది, పక్కన నిఘంటువు ఉందా లేదా, ఇవన్నీ ప్రశ్నలవుతాయి. హోటల్ లాబీలో కలిస్తే మీకు మిగిలేది ఏసీ చప్పుడు.

ఇంట్లోవాళ్లని బయటికి పంపే ప్రయత్నం చేయకండి. మొదట్లో నాకు చిరాకుగా ఉండేది, మధ్యమధ్య వచ్చి మాట్లాడుతుంటే. చాలా ఇళ్లలో మొదటి పాఠకులు వాళ్లే. తప్పు జ్ఞాపకాల్ని సరిచేసేదీ వాళ్లే. "కాదు, అది పెద్దాడు పుట్టకముందు రాశారు" అని వంటగదిలోంచి వచ్చిన దిద్దుబాటు వల్ల నాకు ఒక కథ రాసిన కాలం ఆరేళ్లు వెనక్కి జరిగింది.

5. రికార్డింగ్

త్వరగా చెప్పేస్తాను. ముందు అనుమతి అడగండి, అడిగినట్టు రికార్డింగ్‌లో వినబడాలి. ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. నేను పెట్టలేదు, ఒకసారి లోన్ కావాలా అని కాల్ వచ్చి రికార్డింగ్ ఆగిపోయింది, ఇరవై నిమిషాలు పోయాయి. రెండు పరికరాలు పెట్టుకోండి. ఫ్యాన్ కింద పెట్టొద్దు. ఫోన్ కింద మడతపెట్టిన చేతిరుమాలు వేస్తే గ్లాసు పెట్టిన చప్పుడు దానిలోకి ఎక్కదు. చేతిలో నోటుపుస్తకం ఉంచుకోండి. పారిస్ రివ్యూ తొలినాళ్లలో టేప్ లేకుండా ఇద్దరిద్దరు వెళ్లి చేత్తో రాసుకుని తర్వాత సరిచూసుకునేవారు. ఇవాళ అంత అక్కర్లేదు గానీ, వాళ్లు ఏ పేజీ తిప్పారు, ఎక్కడ వేలు పెట్టారు అన్నది రికార్డర్‌కి కనబడదు. అది మీరే రాసుకోవాలి.

6. మాట్లాడుతున్నప్పుడు

ఎలా పిలవాలన్నది మొదటి నిమిషంలో తేలిపోవాలి. పేరు చివర గారు ఎప్పుడూ తప్పు కాదు. పాఠాలు చెప్పినవారైతే మాస్టారూ, సార్. పెద్దావిడని మేడమ్ అంటే బాగుంటుందో అమ్మా అంటే బాగుంటుందో ఆ ఇంటికి వచ్చేపోయేవాళ్లు ఏమంటున్నారో విని పట్టుకోండి. వాళ్లు మిమ్మల్ని నువ్వు అన్నారంటే సంతోషించండి, గొంతు వదులైందన్నమాట. మీరు మాత్రం "మీరు" అనడం దగ్గరే ఉండండి.

మొదలుపెట్టడానికి నాకు తెలిసిన మంచి దారి ఒకటే. "ఈ ఒక్క పేరా పైకి చదువుతారా?" అని అడగడం. పెద్దగా చదవడం మొదలుపెట్టిన రచయిత ఎక్కడో ఒకచోట ఆగుతాడు. మొహం కొంచెం ముడుచుకుంటుంది. లేదా ఒక మాట మింగేసి ముందుకెళ్తాడు. అదిగో, అక్కడ. చదవడం అయ్యాక, "ఇక్కడ ఆగారేమండీ?" అనండి. ఒకావిడ తను ముప్ఫై ఏళ్ల క్రితం రాసిన పేరా చదువుతూ "మెల్లగా" అన్న మాట మూడుసార్లు వదిలేసి చదివారు. అడిగితే, "అప్పట్లో ప్రతి క్రియకీ ఒక తోడు కావాలనుకునేదాన్ని. ఒంటరిగా పంపాలంటే భయం" అన్నారు. క్రియావిశేషణాల మీద ఇంతకంటే మంచి పాఠం నేనెక్కడా వినలేదు.

వాళ్లు ఆగితే మీరూ ఆగండి. తెలుగువాళ్లం మౌనాన్ని భరించలేం, ఎదుటివాళ్ల వాక్యాన్ని మనమే పూర్తిచేసేస్తాం. "అంటే ఒక రకమైన బాధ..." అని వాళ్లు వెతుక్కుంటుంటే "వేదన" అని అందిస్తాం. వాళ్లు "ఆఁ, అదే" అంటారు, మర్యాదకి. అసలు మాట అలా పోతుంది. ఈ జబ్బు నాకు ఇంకా పూర్తిగా తగ్గలేదు. నా రికార్డింగులు వింటే నా గొంతు వినబడిన చోటల్లా సిగ్గేస్తుంది.

మాట పక్కదారి పట్టడం తప్పదు. అవార్డుల రాజకీయాలు, ఇప్పుడెవరు చదువుతున్నారండీ అన్న బాధ, పుస్తకాలు అమ్ముడుపోకపోవడం. ఐదు నిమిషాలు వినండి, అవి నిజమైన బాధలు. తర్వాత పుస్తకం తెరిచి పేజీ ముందుకు జరపండి. మాటతో ఆపితే నొచ్చుకుంటారు, పేజీ చూపిస్తే వాళ్లే వచ్చేస్తారు.

7. చిత్రకారులతో, చేతిపని వాళ్లతో

రచన గురించి మాట్లాడటానికి బొమ్మలేసేవాళ్ల దగ్గరికెందుకు అంటారేమో. కథ చెప్పే పనిలో వాళ్లు మనకంటే పాతవాళ్లు.

శ్రీకాళహస్తి కలంకారీ తీసుకోండి. బట్టని కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టి ఆరబెడతారు. కాల్చిన చింతపుల్ల బొగ్గుతో ముందు లేతగా బొమ్మ గీస్తారు. ఆ తర్వాత వెదురు కలంతో కసిమి గీత. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టిన నీరు అది. కరక్కాయ పట్టిన బట్టకి తగలగానే నల్లబడుతుంది, ఇక చెరగదు. ఇప్పుడు ప్రశ్న చూడండి: "బొగ్గు గీతకీ కసిమి గీతకీ మధ్య మీరు ఏం మారుస్తారు?" చిత్తుప్రతి గురించి ఇంతకంటే సూటి ప్రశ్న రచయితని కూడా అడగలేం.

సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ పటాలు ఇంకో పాఠం. పొడవాటి బట్ట మీద, ఎర్రటి నేపథ్యంలో, అడ్డంగా గడులుగా కథ నడుస్తుంది. కథ చెప్పేవాళ్లు పటం విప్పుకుంటూ పాడతారు. అంటే గీసేవాళ్లకి రాత్రంతా సాగే కథని లెక్కపెట్టినన్ని గడుల్లో ఇమిడ్చే పని. "ఈ గడికీ ఆ గడికీ మధ్య ఏం వదిలేశారు? అది చూసేవాళ్లకి ఎలా తెలుస్తుంది?" అని అడగండి. నవలాకారులకి రోజూ ఎదురయ్యే సమస్యే ఇది.

పత్రికలకి బొమ్మలేసేవాళ్లతో అయితే ఒకే ప్రశ్న పట్టుకోండి: కథంతా చదివి, ఏ వాక్యం దగ్గర ఆగి బొమ్మ వేశారు? చందమామలో కథలు చదివి పెరిగినవాళ్లకి చిత్రా, శంకర్, వపా అనే చిత్రకారుల బొమ్మలు కథకంటే ముందే గుర్తొస్తాయి. చిత్రకారుడు ముగింపు బయటపెట్టకుండా, ఆసక్తి పెంచే క్షణాన్ని ఎంచుకోవాలి. ఆ ఎంపిక పాఠకుడిగా చేసేది, సంపాదకుడిగా చేసేది కూడా. అదే కథ రాసిన రచయితని కూడా అడిగి, ఇద్దరూ ఒకే వాక్యం చెప్పారో లేదో చూడండి. నేను అడిగిన రెండుసార్లూ వేర్వేరుగా చెప్పారు.

ఇక్కడ నోటి మాట తక్కువగా వస్తుంది. "అదంతేనండీ, చేతికి వచ్చేస్తుంది" అంటారు. అప్పుడు అడగడం మానేసి గీయమనండి. గీస్తున్నప్పుడు చూసి, ఆగిన చోట అడగండి. "కళ్లు ఎప్పుడు వేస్తారు?" లాంటి చిన్న ప్రశ్నలు. కూలి పోగొట్టుకుని కూర్చున్నారని గుర్తుంచుకోండి. కార్ఖానాలో రెండు గంటలు తీసుకుంటే దానికి డబ్బు ఇవ్వడం మర్యాద, లేదా ఒక చిన్న బొమ్మ బేరమాడకుండా కొనండి.

8. విని రాసుకోవడం

గంట సంభాషణకి నాకు ఐదారు గంటలు పడుతుంది. ఫోన్‌లో వాయిస్ టైపింగ్ కొంత సాయం చేస్తుంది గానీ యాస రాగానే తడబడుతుంది, రెండు గొంతులు కలిస్తే చేతులెత్తేస్తుంది. కాబట్టి మొదటిసారి మొత్తం వింటూ చేత్తోనే రాయండి.

తర్వాత అసలు కష్టం. మాట్లాడిన తెలుగుని చదివే తెలుగు చేయాలి, మనిషి మాత్రం పోకూడదు. ఒక ముక్క చూపిస్తాను. రికార్డింగ్‌లో ఉన్నది:

"అదీ... ఏంటంటే మరి... ఆ కథ, అంటే మొదట కథ కాదది, ఉత్తరం, మా బావకి... మా బావకి రాశాను. పంపలేదు లెండి."

నేను మొదట్లో ఇలా "శుభ్రం" చేసేవాణ్ణి:

"ఆ కథ తొలుత మా బావకు రాసిన లేఖ రూపంలో ఉండేది. అయితే దానిని పంపలేదు."

మనిషి చచ్చిపోయాడు. ఇప్పుడైతే ఇలా రాస్తాను:

"మొదట అది కథ కాదు, ఉత్తరం. మా బావకి రాశాను. పంపలేదు లెండి."

నసుగుళ్లు, మళ్లీ అన్న మాటలు పోయాయి. వాక్యాల వరస ఆయనదే. ఆ "లెండి" ఉంది చూశారూ, అందులో ఆ బావతో గొడవంతా ఉంది. అది తీసేయడానికి నాకు హక్కు లేదు. యాస విషయంలో కూడా ఇదే లెక్క. క్రియల్లో, పలకరింపుల్లో కనబడేంత ఉంచండి. ప్రతి అక్షరం పలికినట్టే రాస్తే వెక్కిరించినట్టుంటుంది, ముఖ్యంగా రాసేవాడిది ఒక ప్రాంతం, చెప్పేవాళ్లది ఇంకొకటి అయినప్పుడు.

వరస మార్చొచ్చు. చివర్లో చెప్పినది మొదటికి తేవచ్చు. కానీ ఒక ప్రశ్నకి చెప్పిన జవాబుని ఇంకో ప్రశ్న కింద అతికించకండి. మీ ప్రశ్నని తర్వాత తెలివిగా మార్చి రాసుకోవడం కూడా అలాంటిదే. అడిగినప్పుడు తడబడితే తడబడినట్టే ఉండనివ్వండి.

9. వాళ్లకి చూపించడం

అచ్చుకి ముందు చూపించాలా వద్దా అన్నది వార్తాపత్రికల వాళ్ల వాదం. ఇక్కడ చూపించండి. మనం నిలదీయడానికి వెళ్లలేదు. పారిస్ రివ్యూ కూడా రచయితల చేతికి ప్రతి ఇచ్చి దిద్దుకోనిస్తుంది. చూపిస్తే తేదీలు సరవుతాయి, మరిచిపోయినది చేర్చుతారు.

ప్రమాదం ఒకటుంది. మన రచయితలు కాగితం మీద తమ మాట చూడగానే దాన్ని గ్రాంథికం వైపు లాగుతారు. "పాలు పిండటం పెట్టాను" అన్నది "శ్రమజీవి దైనందిన జీవితాన్ని ప్రతిబింబించాను" అయి తిరిగొస్తుంది. అందుకే ఇచ్చేటప్పుడే చెప్పండి: వాస్తవాలు దిద్దండి, వద్దనుకున్నది కొట్టేయండి, మాటతీరు మాత్రం ఇలాగే ఉంచుదామండీ అని. అయినా మార్చితే, ఆ చోటు రికార్డింగ్ వినిపించండి. తమ గొంతు విన్నాక చాలామంది నవ్వి పాతదే ఉండనిస్తారు. బతికున్న మూడో మనిషి మీద చెప్పిన చెడ్డ మాటని మాత్రం వాళ్లు ఉంచమన్నా నేను తీసేస్తాను.

10. అచ్చుకి ఇచ్చే ముందు

ముందు మీ పరిచయం. పుట్టిన ఊరు, అవార్డుల జాబితా రెండు వాక్యాల్లో ముగించి, ఆ గది చూపించండి. శీర్షికకి వాళ్లు అన్న మాటలోంచే ముక్క తీసుకోండి. "సాహితీ శిఖరంతో ముఖాముఖి" లాంటివి వద్దు. ఏ కథ గురించి మాట్లాడారో అది దొరికే చోటు చెప్పండి, కుదిరితే మారిన పేరా రెండు రూపాల్లోనూ ఇవ్వండి. పాఠకుడికి ఆ తేడా కనబడకపోతే జవాబు గాల్లో ఉంటుంది.

రాతప్రతి ఫొటో, పత్రికలో బొమ్మ వేస్తుంటే విడివిడిగా అనుమతి తీసుకోండి. బొమ్మ హక్కు కథ రాసినవారిది కాదు. రచయిత పోయాక కూడా మన దేశంలో కాపీరైట్ 60 ఏళ్లు ఉంటుంది, అప్పుడు అడగాల్సింది వారసుల్ని. ఈ ఇంటర్వ్యూని రేపు వాళ్లు తమ పుస్తకంలో వేసుకోవచ్చా, మీరు మీ సంకలనంలో వేసుకోవచ్చా అన్నది ఒక్క మెసేజ్‌లో రాసి ఇద్దరూ సరేనని పెట్టుకోండి.

రికార్డింగ్ మొత్తం, కోతల్లేకుండా, రెండు చోట్ల దాచండి. ఫైలు పేరులో మనిషి పేరు, రచన పేరు, తేదీ ఉండాలి. వాయిస్ 017 అని వదిలేస్తే మీకే దొరకదు. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో పెట్టి వాళ్లింటికి ఇచ్చి రండి. నేను మొదట చెప్పిన పెద్దాయన ఇప్పుడు లేరు. మొన్న వాళ్లావిడ ఫోన్ చేసి, "ఆ పాలవాడి సంగతి ఎన్నో నిమిషంలో ఉందయ్యా, మనవడు వింటానంటున్నాడు" అని అడిగారు. గంటా ముప్ఫై ఆరో నిమిషం దగ్గర మొదలవుతుందని చెప్పాను.